పాలా, మజ్జిగా: సీమ కడుపుకు ఏది పడుతుంది?

అనంతపురం జిల్లా పాలవాయిలో ఒక బూడిద దిబ్బ ఉంది. ఇలాంటి దిబ్బలు అటు బళ్లారి సీమలో, ఇటు కృష్ణకు ఆవలి గట్టున చాలా చోట్ల ఉన్నాయి. రాక్షసులను కాల్చిన బూడిద అని చుట్టుపక్కల ఊళ్లలో కథలు చెప్పుకునేవారు. తవ్వి చూస్తే అది పేడ. కొత్త రాతియుగం మనుషులు పశువులను దొడ్లలో కట్టి, పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ తగలబెట్టగా గుట్టలైన బూడిద. పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1957లో తవ్వించిన పాలమూరు ప్రాంతపు ఉట్నూరు దిబ్బలో పశువుల గిట్టల ముద్రలు కూడా చెక్కుచెదరకుండా దొరికాయి. దాదాపు అయిదు వేల ఏళ్ల కిందటి దొడ్డి అది.

దొడ్డి ఉంది కాబట్టి పాలు తాగారు అనుకోవడం మాత్రం తొందరపాటు. ఆ దిబ్బల దగ్గర దొరికిన ఎముకలు మాంసం కోసం కోసిన సంగతి చెబుతాయి, పాలు పితికిన సంగతి చెప్పవు. పాల సంగతి చెప్పేది కుండ పెంకు. మట్టికుండ గోడల్లోకి ఇంకిన కొవ్వు వేల ఏళ్లు నిలుస్తుంది. అందులోని కార్బన్ రకాలను కొలిస్తే అది మాంసపు కొవ్వో పాల కొవ్వో తేలుతుంది. ఇప్పటి టర్కీ వాయవ్య భాగంలో క్రీ.పూ. 7వ సహస్రాబ్ది నాటి కుండల్లో పాల కొవ్వు దొరికింది. పోలండులో దొరికిన ఏడు వేల ఏళ్లకు పైబడిన చిల్లుల కుండలు జున్నుగడ్డను వడకట్టినవని 2012లో తేలింది. మన దేశంలో గుజరాత్‌లోని కోటడా భాద్లీ అనే హరప్పా కాలపు ఊరి కుండల్లో క్రీ.పూ. 2500 నాటి పాల కొవ్వును గుర్తించి 2020లో ప్రకటించారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. మనిషి పాలను మొదట్నుంచీ కుండలోకి, వడకట్టులోకి, తోడులోకి పంపాడు. పచ్చిపాలు గటగటా తాగే కడుపు అప్పటికి ఇంకా రాలేదు.

ఆ కడుపు సంగతి ఇది. పాలలో తీపినిచ్చేది లాక్టోజ్ అనే పాలచక్కెర. 100 మిల్లీలీటర్ల ఆవుపాలలో అది 4.7 గ్రాముల దాకా ఉంటుంది, ఎనుము పాలలో కొంచెం ఎక్కువ. దాన్ని విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైమ్ చంటిబిడ్డ చిన్నపేగులో పుష్కలంగా ఊరుతుంది. తల్లిపాలు మాన్పించాక మెల్లగా తగ్గిపోతుంది. క్షీరదాలన్నింటిలోనూ జరిగేది ఇదే. ప్రపంచంలోని పెద్దవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందిది ఇలా తగ్గిపోయిన కడుపే. అంటే పెద్దయ్యాక పాలు అరగకపోవడం జబ్బు కాదు. అరగడమే కొత్తగా వచ్చిన మార్పు.

ఐరోపాలో ఆ మార్పు తెచ్చింది 13910టి అనే చిన్న జన్యు తేడా. తూర్పు ఆఫ్రికా పశుపాలకుల్లో వేరే తేడాలు విడిగా పుట్టి అదే పని చేశాయి. భారతదేశంలో రెండు వేలకు పైగా మందిని పరీక్షించి, హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న అధ్యయనం 2012లో వెలువడింది. ఇక్కడ కనిపించేదీ ఐరోపా రకపు తేడాయేనని, వాయవ్యంలో ఎక్కువగా ఉండి దక్షిణానికి, తూర్పుకు వచ్చేకొద్దీ తగ్గుతుందని అది చూపింది. నీలగిరుల్లో ఎనుముల మీద బతికే తోడా జాతిలో మాత్రం అది బాగా ఎక్కువ. అంతకు చాలా ముందు, 1981లో వచ్చిన ఒక పరిశీలనలో దక్షిణాది వాళ్లలో మూడింట రెండు వంతుల మందికి, ఢిల్లీ వాళ్లలో నాలుగోవంతుకు కాస్త పైగా మందికి లాక్టోజ్ సరిగ్గా అరగలేదు.

మరి సీమలో ఇన్ని తరాలు పాడి ఎలా నడిచింది? సమాధానం కవ్వంలో ఉంది. ఇక్కడ పాలు కాచారు, తోడేశారు, చిలికారు. వెన్న తీసి నెయ్యి చేశారు, మిగిలిన మజ్జిగ సంగటిలోకి, చద్దన్నంలోకి వెళ్లింది. జన్యువు చేయాల్సిన పనిని తోడు చుక్క చేసిపెట్టింది. గ్లాసుడు పాలు విడిగా తాగడం, ముఖ్యంగా పెద్దవాళ్లు తాగడం, ఇంటింటి అలవాటు కావడానికి ప్యాకెట్ పాలు, ఫ్రిజ్ రావాల్సి వచ్చింది. దేశంలో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది 1970లో.

లెక్క వేసి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసు పాలలో తొమ్మిదిన్నర గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. పెరుగు తోడుకునేటప్పుడు సూక్ష్మజీవులు అందులో నాలుగోవంతు నుంచి మూడోవంతు దాకా తినేస్తాయి. పైగా అవి కడుపులోకి వెళ్లాక తమ ఎంజైమ్‌తో ఇంకొంత అరగదీస్తాయి. ఒక వంతు పెరుగుకు మూడు వంతుల నీళ్లు పోసి చిలికిన గ్లాసు మజ్జిగలో మిగిలేది రెండు గ్రాముల లోపే. నెయ్యిలో దాదాపు సున్నా. హోటల్ టీలో యాభై అరవై మిల్లీలీటర్ల పాలు పడతాయి కాబట్టి మూడు గ్రాములకు మించదు. లాక్టేజ్ తక్కువున్నా ఒక్కసారికి 12 గ్రాముల దాకా చాలామంది తట్టుకుంటారు, అన్నంతో పాటు అయితే మరీ తేలిక. మోసం చేసేది కోవా. లీటరు పాలు ఇగిరితే 200 గ్రాముల కోవా వస్తుంది, నీళ్లు పోతాయి గానీ లాక్టోజ్ ఎక్కడికీ పోదు. చక్కెర కలపని కోవా వంద గ్రాములు తింటే రెండున్నర గ్లాసుల పాల లాక్టోజ్ ఒక్కసారే లోపలికి వెళ్లినట్టు. పెళ్లి భోజనం తర్వాత కడుపు గుడగుడలాడితే నూనెను తిట్టుకునేవాళ్లు స్వీటు వైపు కూడా చూడాలి.

అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరి నీటిని లాగుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గ్యాసు పుట్టిస్తాయి. అరగంట నుంచి మూడు గంటల లోపల ఉబ్బరం, గుడగుడ, నీళ్ల విరేచనం వస్తాయి. ఆస్పత్రిలో దీనికి ఊపిరిలోని హైడ్రోజన్‌ను కొలిచే పరీక్ష ఉంది. ఇంట్లో తేల్చుకోవాలంటే రెండు వారాలు పాలు, పాల స్వీట్లు పూర్తిగా మానాలి. తర్వాత ఒక పొద్దున పరగడుపున 200 మిల్లీలీటర్ల పాలు చక్కెర, కాఫీపొడి ఏవీ కలపకుండా తాగి మూడు నాలుగు గంటలు చూడాలి. ఇబ్బంది వస్తే వారం ఆగి, అరగ్లాసు పాలు భోజనంతో పాటు తాగి చూడాలి. చాలామందికి ఈ రెండోసారి ఏమీ కాదు. అలాంటివాళ్లు పాలు మానేయాల్సిన పని లేదు, కొలత మార్చుకుంటే చాలు. బరువు తగ్గుతున్నా, విరేచనంలో రక్తం పడుతున్నా, రాత్రి నిద్రలో లేచి వెళ్లాల్సి వస్తున్నా అది లాక్టోజ్ గొడవ కాదు. డాక్టరుకు చూపించాలి.

పాల అలర్జీ దీనికి పూర్తిగా వేరు. అది పాల మాంసకృత్తుల మీద శరీరం తిరగబడటం. ఎక్కువగా పసిపిల్లల్లో వస్తుంది. దద్దుర్లు, వాంతులు, ఒక్కోసారి ఊపిరి ఆడకపోవడం దాకా పోతుంది. అలాంటి బిడ్డకు మజ్జిగ చుక్క కూడా ప్రమాదమే.

పాలు ఇచ్చే మేలు మీద మాటలు ఎక్కువ, లెక్కలు తక్కువ. 100 మిల్లీలీటర్లకు సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అందులో మూడోవంతు దాకా ఒంటికి పడుతుంది. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 1000 మిల్లీగ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ రోజువారీ పళ్లెంలో చెప్పే పాలు 300 మిల్లీలీటర్లు. మిగతాది తిండి నుంచి రావాలి. ఇక్కడ సీమకు ఒక అదృష్టం ఉంది. వంద గ్రాముల రాగిపిండిలో 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు అందులో ఉండటం వల్ల అదంతా ఒంటికి పట్టదు గానీ, సంగటి ముద్ద, గట్టి పెరుగు ఒకే పూట కలిస్తే గ్లాసు పాలకు ఏమాత్రం తీసిపోదు. పల్చటి మజ్జిగను నమ్ముకుంటే మాత్రం కాల్షియం కూడా పల్చనే. పైన చెప్పిన గ్లాసు మజ్జిగలో ఉండేది 60 మిల్లీగ్రాములు. కడుపుకు మజ్జిగ, ఎముకకు పెరుగు అని విడదీసి చూసుకోవాలి.

అనంతపురం, కడప జిల్లాల్లో బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లకు ఈ కాల్షియం ఇంకా అవసరం. తిండిలోని కాల్షియం పేగులోనే ఫ్లోరైడ్‌ను పట్టుకుని కొంత బయటికి పంపుతుంది. కాల్షియం తక్కువ తినే పిల్లల్లో ఫ్లోరోసిస్ ఎముకలను ఎక్కువగా వంచుతుంది. పశువు తాగిన ఫ్లోరైడ్ నీరు పాలలోకి దిగేది మాత్రం చాలా కొద్ది. శుద్ధి చేసిన నీళ్లకు పాలు బదులు కావు, తోడు మాత్రమే. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్లలో బి12 విటమిన్‌కు రోజూ దొరికే ఆధారం పాలు, పెరుగే అన్నది కూడా మరవకూడదు.

ఎక్కువ తాగితే ఎక్కువ బలం అనేది నిలవని మాట. స్వీడన్‌లో 2014లో వచ్చిన పెద్ద అధ్యయనంలో రోజుకు మూడు గ్లాసులకు మించి తాగిన ఆడవాళ్లలో ఎముకల విరుగుళ్లు తగ్గలేదు. పైగా కొంచెం ఎక్కువే కనిపించాయి. అలాంటి అధ్యయనం కారణాన్ని రుజువు చేయదు, కానీ పాలు తాగినకొద్దీ ఎముక గట్టిపడుతుందన్న ధీమాను తప్పకుండా కదిలిస్తుంది. పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పాడి తినేవాళ్లలో తక్కువగానూ, ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు మరీ ఎక్కువ తినేవాళ్లలో కాస్త ఎక్కువగానూ కనిపిస్తున్నాయి. గుండె విషయంలో ప్యాకెట్ మీద అంకె చదవాలి. ఫుల్ క్రీమ్‌లో 6 శాతం వెన్న, స్టాండర్డైజ్డ్‌లో 4.5, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. రోజుకు అరలీటరు ఫుల్ క్రీమ్ తాగితే 30 గ్రాముల కొవ్వు. అందులో 19 గ్రాముల దాకా సంతృప్త కొవ్వు. 2000 కేలరీలు తినే మనిషికి రోజంతటి హద్దు 22 గ్రాములు. ఆ పైన నెయ్యికి, నూనెకు, మాంసానికి చోటెక్కడ?

అన్నిటికంటే కళ్లు మూసుకుని చేస్తున్న తప్పు పసిపిల్లల దగ్గర జరుగుతోంది. ఏడాది నిండని బిడ్డకు తల్లిపాల బదులు ఆవుపాలు పట్టకూడదు. ఆవుపాలలో ఇనుము లేదనే చెప్పాలి. మాంసకృత్తులు, లవణాలు బిడ్డ మూత్రపిండాలకు మించినంత ఉంటాయి. లేత పేగు గోడ నుంచి కంటికి కనిపించనంత రక్తం కారుతుంది. నీళ్లు కలిపి పడితే తేలిగ్గా అరుగుతాయని సగానికి సగం నీళ్లు పోస్తారు, అప్పుడు రక్తహీనతకు తోడు అరాకలి చేరుతుంది. ఏడాది దాటాక కూడా రోజుకు అరలీటరు మించితే బిడ్డ కడుపు పాలతోనే నిండి సంగటి, పప్పు, గుడ్డు ముట్టదు. బొద్దుగా, తెల్లగా ఉన్నాడని మురిసిపోయే ఆ తెలుపు చాలాసార్లు రక్తం లేని తెలుపు. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. ఇనుము మాత్రను పాలతో, టీతో మింగితే మందు వృథా. రెండు గంటలు ఎడం ఉండాలి.

కొన్ని ప్రచారాలను త్వరగా తేల్చేయవచ్చు. ఏ2 పాలు అంటే పాలలోని బీటా కేసీన్ అనే మాంసకృత్తులో 67వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం తేడా, అంతే. నాటు ఆవులు, ఎనుములు ఎక్కువగా ఏ2 ఇచ్చేవే. సంకర ఆవుల్లో ఏ1 కలుస్తుంది. ఏ1 వల్ల జబ్బులు వస్తాయనడానికి కార్యకారణ సంబంధం కనిపించలేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లోనే చెప్పింది. మన ఆహార భద్రతా సంస్థ 2024 ఆగస్టులో ఆ ముద్రలు తీసేయమని చెప్పి, కొద్ది రోజులకే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. రెట్టింపు ధర పెట్టేవాళ్లు ఇది తెలుసుకుని పెట్టాలి. పాలు తాగితే కఫం పెరుగుతుందన్నది పరీక్షల్లో నిలవలేదు. చేపు కోసం పశువుకు పొడిచే ఆక్సిటోసిన్ వల్ల ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతారన్న భయానికీ ఆధారం లేదు, కడుపులో ఆ హార్మోన్ అరిగిపోతుంది. ఆ సూది నేరమే, కానీ బాధపడేది పశువు.

నిజంగా భయపడాల్సింది కొట్టంలో ఉంది. అది పెద్దగా వార్తల్లోకి రాదు.

దేశంలో పేరున్న శెనక్కాయ (వేరుశెనగ) జిల్లా అనంతపురం. కాయ ఊరే చివరి నెలలో వాన ముఖం చాటేసి నేల కాగితే భూమిలో ఉన్న కాయకే ఆస్పర్జిల్లస్ అనే బూజు పడుతుంది. పీకాక వామి మీద వాన కురిస్తే మరీ ఎక్కువ. ఈ బూజు చేసే విషం అఫ్లాటాక్సిన్ బి1, కాలేయ క్యాన్సర్ తెచ్చే పదార్థంగా రుజువైనది. ఇంగ్లండులో 1960లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినప్పుడు, మేతలో కలిపిన శెనక్కాయ చెక్కలోనే, అంటే నూనె తీశాక మిగిలే పిప్పిలోనే, దీన్ని మొదట కనుక్కున్నారు. ముడతలు పడిన, పురుగు కొట్టిన, విరిగిన గింజ ఏరివేతలో పక్కకు పోయి నూనె మిల్లుకు చేరుతుంది. నూనె తీశాక విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. ఆ చెక్క ఆవు తొట్టిలోకి వస్తుంది.

ఆవు తిన్న బి1లో ఒకటి నుంచి మూడు శాతం దాకా అఫ్లాటాక్సిన్ ఎం1 అనే ఇంకో రూపంగా మారి పాలలోకి దిగుతుంది, అదీ ఒక్క రోజు లోపలే. పాలలో ఎం1కు మన దేశంలో హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములు. కిలోకు 100 మైక్రోగ్రాముల విషం ఉన్న చెక్క రోజుకు ఒక కిలో పెట్టి, ఎనిమిది లీటర్లు పితికితే పాలు హద్దు లోపలే ఉంటాయి. అదే 300 ఉన్న చెక్క రెండు కిలోలు పెట్టి పది లీటర్లు పితికితే, రెండు శాతం లెక్కన లీటరుకు 1.2 మైక్రోగ్రాములు. హద్దుకు రెండింతలు దాటింది. ఆహార భద్రతా సంస్థ 2018లో దేశమంతటా తీసిన 6,432 పాల నమూనాల్లో 368 ఈ హద్దు దాటాయి. యూరియా, డిటర్జెంటు కల్తీ అని అందరూ గగ్గోలు పెట్టే రకం దొరికింది పన్నెండింటిలోనే.

ఎం1 కాగితే పోదు. పెరుగు తోడేసినా పోదు. కేసీన్‌ను అంటిపెట్టుకుంటుంది కాబట్టి పనీర్‌లో ఇంకా చిక్కబడుతుంది, నెయ్యిలోకి మాత్రం చాలా తక్కువ దిగుతుంది. ఒంటి బరువుతో పోలిస్తే ఇంట్లో అందరికంటే ఎక్కువ పాలు తాగేది పిల్లలు కాబట్టి వాటా కూడా వాళ్లదే ఎక్కువ.

పాలలోకి వచ్చే మిగతావాటికి ఇంట్లో కొంత ఉపాయం ఉంది. కాచని పాలతో బ్రూసెల్లా జ్వరం వస్తుంది. వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుం నొప్పి దాని గుర్తులు. ఈసుకుపోయిన పశువు మాయను ఒట్టి చేత్తో తీసేవాళ్లకూ అంటుకుంటుంది. పాలకేంద్రానికి పోకుండా నేరుగా కొట్టం నుంచి తెచ్చుకునే పాలు పొంగగానే దించేయకూడదు. పొంగు పైన మీగడ పొర ఆవిరిని ఆపడం వల్ల వచ్చేది, అడుగు దాకా సమంగా కాగినట్టు కాదు. మంట తగ్గించి గరిటెతో కలుపుతూ ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంచాలి. ప్యాకెట్ పాలు 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు కాచి చల్లార్చినవే, వాటిని ఒక్కసారి కాస్తే సరిపోతుంది. పూటపూటకీ మరిగిస్తే బి విటమిన్లు పోతాయి.

తోడు కూడా ఒక పరీక్షే. అరలీటరు పాలు, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేటప్పుడు, మేలో అర టీస్పూను, డిసెంబరులో ఒకటి వేస్తే ఎండాకాలం నాలుగు గంటల్లో, చలికాలం ఎనిమిది గంటలు దాటాక పెరుగు కావాలి. పాలు మరీ వేడిగా ఉండగా తోడేస్తే తోడు చచ్చి పెరుగు సరిగ్గా తోడుకోదు. అంతా సరిగ్గా చేసినా, అదే తోడు పక్కింటి పాలకు పనిచేసి ఈ పాలకు రెండు మూడు రోజులు పనిచేయకపోతే, పొదుగువాపుకు ఎక్కించిన యాంటీబయాటిక్ పాలలో ఉందేమో అనుమానించాలి. మందు డబ్బా మీద రాసిన గడువు, సాధారణంగా మూడు నాలుగు రోజులు, పూర్తయ్యేదాకా ఆ పాలు కేంద్రానికి పోయకూడదు.

చెక్కకు మాత్రం వంటింట్లో ఉపాయం లేదు, కొట్టంలోనే ఆపాలి. కాయ కదిపితే లోపల గింజ గలగలలాడేదాకా ఎండాలి, గింజలో తేమ 8 శాతం లోపు ఉండాలి. చెక్క బస్తాలను నేల మీద కాకుండా చెక్కపలకల మీద, గోడకు మూరెడు దూరంగా పేర్చాలి. వానాకాలం పదిహేను రోజులకు మించి నిల్వ కొనకూడదు. విరిచి చూస్తే పచ్చటి, పసుపుపచ్చటి పొడి కనిపించినా, ముక్క వాసన వచ్చినా కడిగి ఎండబెట్టి పెట్టడం పనికిరాదు. బూజు రాలిపోతుంది, విషం ఉండిపోతుంది. అలాంటి చెక్కను ఎరువు దిబ్బలో వేయాలి గానీ, వట్టిపోయిన పశువుకైనా పెట్టకూడదు. బూజు కనిపించని చెక్కలోనూ విషం ఉండొచ్చు కాబట్టి దాణా మొత్తం ఒక్క శెనక్కాయ చెక్క మీదే నడపకుండా తవుడు, జొన్న పిండి కలుపుకుంటూ పోతే మోతాదు దానంతటదే తగ్గుతుంది. చెడిన చెక్క ఆపిన రోజు నుంచి పాలలో ఎం1 పడిపోవడం మొదలవుతుంది. నాలుగైదు రోజుల్లో దాదాపు కనిపించకుండా పోతుంది.